పార్కులో మా ముత్తాత

మా ముత్తాతగారి తండ్రి గోదావరి జిల్లాలో ఒక ఎస్టేటుకి జమీందారు. పెద్ద ఎస్టేటు కాదు గాని ఎవరి చెప్పుచేతల్లోనూ ఉన్నది కాదు. మా ముత్తాతగారు అదే ఎస్టేటుకి జమీందారు, పైన రావు బహద్దరు బిరుదు. మా తాతగారు జిల్లా బోర్డు మెంబరు, ఆనరరీ మేజిస్ట్రేటు. ఆయన సావిట్లో ఉండగా ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్న మనిషి ఊళ్ళో లేడు. మా నాన్నగారికి బిరుదులేమీ రాలేదు. ఆయన వంతుకి వచ్చినవి ఒక పాత మేడ, కోర్టు కాయితాలు, నిటారుగా నడిచే అలవాటు. నేను ఐర్లండులో, స్లైగోలో, ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నాను. నిలబడి చేసే ఉద్యోగం. నిలబడటం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు.

పేర్లు రాయను. తెలిసినవాళ్ళకి ఈపాటికే తెలిసి ఉంటుంది. తెలియనివాళ్ళకి చెప్పి గుర్తింపు అడగడం మా ఇంటి పద్ధతి కాదు.

మా మేడలో కింద హాల్లో, ఉత్తరపు గోడకి ఒక పెద్ద నూనెరంగుల పటం ఉండేది. పారిస్ పటం అనేవాళ్ళం. నిలువుకంటే అడ్డం ఎక్కువ, చుట్టూ మా ఎస్టేటు అడవిలోని టేకుతో మా వడ్రంగులే చేసిన చెక్కుడు ఫ్రేము. దింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అందులో ఉన్నది ఒక పెద్ద ఊరి నడుమ పార్కు, సాయంత్రపు వేళ. నీలం రంగు మానులతో చెట్లు. నారింజ రంగు బాట. గొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు, పొడుగు టోపీల మగవాళ్ళు, చక్రాల బండిలో పిల్లని తోసుకుపోతున్న ఆయా, బెంచీ మీద పేపరు చదువుతున్న ముసలాయన, ఎవరిదో తెలియని ఒక కుక్క. అందరూ ఏ తొందరా లేకుండా నడుస్తుంటారు. వాళ్ళ నీడలు బాట మీద ఊదా రంగులో ఎడమ పక్కకి పొడుగ్గా పడి ఉంటాయి.

దగ్గరికి వెళితే వీళ్ళెవరూ ఉండేవారు కాదు. రంగు ముద్దలు, చుక్కలు, పొట్టి గీతలు, అంతే. పిల్లలం పటం దగ్గర నుంచి వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాకా పోయేవాళ్ళం. ఒకచోటికి వచ్చేసరికి ముద్దలు గొడుగులయ్యేవి, చుక్కలు ముఖాలయ్యేవి.

కుడి పక్కన, బాట మలుపులో, తలపాగా పెట్టుకుని జరీ అంచు కోటు వేసుకున్న ఒక మనిషి ఉన్నాడు. ఆయన ఒక్కరూ దగ్గర నుంచి చూసినా మనిషే. కనుబొమల వెంట్రుకలు, తలపాగా అంచు, బూట్ల మీద కుట్టుపని, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఆయన మా ముత్తాతగారు.

భూముల దావా ప్రివీ కౌన్సిలు దాకా పోతే ఆయన స్వయంగా లండన్ వెళ్ళారట. దావా గెలిచి, తిరుగు ప్రయాణంలో పారిస్‌లో దిగారట. ఒక సాయంత్రం పార్కులో నడుస్తుంటే అక్కడ బొమ్మ వేసుకుంటున్న చిత్రకారుడు పరుగున వచ్చి కాసేపు నిలబడమని బతిమాలాడట. నేను ఎవరి కోసమూ నిలబడను, నడుస్తుంటాను, చేతనైతే వేసుకో అన్నారట మా ముత్తాతగారు. నాన్నగారు ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒక మాట అనేవారు. చిత్రకారుడు మిగిలినవాళ్ళని తోచినట్టు గీసి వదిలేశాడు, మీ ముత్తాతగారి దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి జాగ్రత్త పడింది అని. ఆ మాటలో నాకు వింతేమీ కనిపించలేదు. మా పెద్దవాళ్ళ ఎదుట అందరి చేతులూ జాగ్రత్త పడటం వింటూ పెరిగినవాణ్ణి.

దసరాకి ఆయుధపూజ నాడు మా ఇంట్లో కత్తికి, తుపాకీకి, తరవాత ఈ పటానికి పూజ జరిగేది. ఇంటి పెద్ద కోడలు పీట మీద నిలబడి మా ముత్తాతగారి నుదుటికి గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. మామూలు ఫొటోలకి అద్దం ఉంటుంది, బొట్టు అద్దం మీద పడుతుంది. దీనికి అద్దం లేదు. ముందు మా నాయనమ్మ, తరవాత మా అమ్మ, ఏడాదికొక బొట్టు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన నుదురు ఎర్రగా అట్టకట్టి ఉంది.

నడక నేర్పింది కూడా ఆ పటం ముందే. నాన్నగారు నన్ను హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి, "భుజాలు దించకు. అటు చూడు, ఆయన ఎట్లా నడుస్తున్నారో" అనేవారు. కత్తి పోయింది. తుపాకీ లైసెన్సు పోయింది, తరవాత తుపాకీ పోయింది. నడక ఉంది.

నా భార్య నర్సు. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూసింది ఆమే. క్రైస్తవుల పిల్ల. మా పెళ్ళి చర్చిలో జరిగింది. నాన్నగారు రాలేదు, రమ్మని నేను రెండోసారి అడగలేదు. తరవాత మేడలో మా వాటా కూడా అమ్మేసి, అక్కడ కల్యాణమండపం కడతారని తెలిసిన రోజు ఆయన మమ్మల్ని పిలిపించారు. హాల్లో పటం దింపి గోడకి ఆనించి ఉంది. ఆయన నాతో కాక మొదటిసారి నా భార్యతో మాట్లాడారు.

"దసరాకి బొట్టు పెట్టాలి. అది ఇంటి కోడలి పని."

"అట్లాగే మావయ్యగారూ," అంది ఆమె.

దారిలో నన్ను అడిగింది, బొట్టు పెట్టుకోని కోడలు పెడితే మీ ముత్తాతగారు ఊరుకుంటారా అని. నేను నవ్వలేదు. ఆమె నవ్వింది. కాని మాట తప్పలేదు. తన నుదుటికి ఎన్నడూ బొట్టు పెట్టుకోని మనిషి, ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, ప్రతి దసరాకీ స్టూలు ఎక్కి మా ముత్తాతగారికి బొట్టు పెట్టింది. చర్చిలో తెలిసిన ఆంటీ ఒకావిడ ఇది చూసి విగ్రహారాధన అంటే, విగ్రహం కాదు ఆంటీ, అత్తవారిల్లు అని జవాబిచ్చిందట.

స్లైగో ఆస్పత్రిలో ఆమెకి ఉద్యోగం వచ్చింది గనక ఐర్లండ్ వచ్చాం. నేను ఆమె వెనక వచ్చాను. ఉన్న మాట ఉన్నట్టు రాస్తున్నాను. పటం చెక్క పెట్టెలో మా తరవాత వచ్చింది. అద్దెకి తీసుకున్న ఇంట్లో సిటింగ్ రూంలో రేడియేటర్ పైన తగిలించాం. అంత గోడ అక్కడొక్కచోటే ఉంది. కుంకుమ భరిణె వంటింటి ప్రెస్‌లో, టీ పొడి డబ్బాల వెనక ఉండేది. ఇక్కడివాళ్ళు అలమరని ప్రెస్ అంటారు.

మా అమ్మాయి ఆ పటం కిందే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇక్కడి ఇంగ్లీషులో చెబుతుంది. బడికి పోయే వయసులో ఒకరోజు పటం వంక చాలాసేపు చూసి, అందరికీ నీడ ఉంది, ఈయనకి లేదేం అని అడిగింది. ఎండ సరిగ్గా ఆయన నెత్తి మీద ఉందన్నాను. మరి పక్కనున్నవాళ్ళకి అంది. హోంవర్క్ చేసుకోమన్నాను.

రెండేళ్ళ కిందట నా భార్య వార్డులో ఒక రోగి పడిపోబోతుంటే పట్టుకుంది. రోగికి ఏమీ కాలేదు. ఈమె నడుము పోయింది. ఆపరేషన్ అయింది, మళ్ళీ ఆపరేషన్ అయింది. మెట్లు ఎక్కలేదు. మంచం కిందికి తెచ్చి పటం ఉన్న గదిలో వేశాం. ఆ ఇంట్లో కింద కూడా బాత్రూం ఉంది. కింద బాత్రూం ఉన్న ఇల్లు, మేం కట్టగలిగిన అద్దెకి, స్లైగోలో ఇంకొకటి లేదు. నేను వెతికాను గనక చెబుతున్నాను.

ఈ వసంతంలో ఇంటి యజమాని వచ్చాడు. పెద్దాయన, మర్యాదస్తుడు, ఊరి బయట ఆవులున్నాయి. వంటింట్లో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పాడు. ఇన్నేళ్ళు ఉన్నారు గనక ముందు మీకే ఇస్తాను, క్రిస్మస్ దాకా ఆగుతాను అన్నాడు. బ్యాంకువాళ్ళు మిగతాది ఇస్తామన్నారు గాని ముందుగా మా చేతి నుంచి కొంత పెట్టాలి. ఆ కొంత మా దగ్గర లేదు. మా దగ్గర ఉన్నది ఒక్క పటం.

అడిగింది మా అమ్మాయి. డబ్లిన్‌లో పనిచేస్తుంది, ఆ ఊరి శివార్లలో, లూకన్‌లో స్నేహితురాళ్ళతో కలిసి ఉంటుంది. డబ్లిన్‌లో వేలం వేసేవాళ్ళున్నారని, వట్టిగా చూపిస్తే పోయేదేమీ లేదని ఫోన్లో చెప్పింది. వద్దన్నాను. తరవాత ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి ఇల్లొక్కటే కారణం కాదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ పటాన్ని చూసి, ఇందులో ఉన్నది ఎవరని అడగాలని నాకు ఉండేది. ఇన్నేళ్ళలో మా ఇంటికి వచ్చినవాళ్ళు చాలా బాగుందని అనడమే తప్ప ఎవరూ అడగలేదు.

దుప్పట్లలో చుట్టి, కారు సీట్లు మడిచి, వేసవిలో ఒకరోజు తీసుకెళ్ళాం. వేలంవాళ్ళ దగ్గర పాత చిత్రాలు బాగుచేసే ఒకావిడ ఉంది. నా వయసే ఉంటుంది, మెళ్ళో భూతద్దం వేలాడుతోంది. పటం బల్ల మీద పెట్టగానే ఆవిడ ముఖం విప్పారింది. సంతకం చూసింది. ఇంప్రెషనిస్టుల తరవాత వచ్చిన తరంవాడు, మొదటి వరస చిత్రకారుడు కాదు గాని కొనేవాళ్ళు ఉన్నారు అంది. నీడల్లో ఊదా రంగు ఎలా పెట్టాడో మా అమ్మాయికి చూపించింది. ఆయా భుజం రెండే గీతల్లో ఎలా వంగిందో చూపించింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పటమే. ఆ భుజంలో ఆయా అలసట ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు భూతద్దం కుడి పక్కకి వచ్చింది. ఎర్రటి నుదుటి మీద ఆగింది.

ఈ ఎరుపు ఏమిటని అడిగింది. చెప్పాను. పసుపు, సున్నం కలిపి చేసేదని, మా ఆనవాయితీ అని, ఆయన ఎవరో, పారిస్ ఎందుకు వెళ్ళారో, చిత్రకారుడితో ఏమన్నారో, మొత్తం చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నది. తరవాత కిటికీ తెరలు మూసి, దీపాలన్నీ ఆర్పి, చేతిలోని ఒక నీలం దీపం వెలిగించింది. పటమంతా పాచి రంగులో మెరిసింది. చెట్లు, గొడుగులు, కుక్క, అన్నీ ఒకే మెరుపులో ఉన్నాయి. మా ముత్తాతగారు ఉన్నచోట నల్లగా, మనిషి ఆకారంలో, కన్నం పడినట్టు ఉంది.

"ఈయన వీళ్ళతో కలిసి నడవలేదు," అంది ఆవిడ. "చాలా ఏళ్ళ తరవాత వచ్చి చేరారు."

దీపాలు వేశాక నెమ్మదిగా వివరించింది. పాత వార్నిష్ ఆ నీలం దీపానికి మెరుస్తుంది, దాని పైన తరవాత వేసిన రంగు మెరవదు. చిత్రం పూర్తయి, పైన వార్నిష్ వేసి, అది ఎండి, దాని మీద ఏళ్ళ తరబడి దుమ్ము పేరుకున్నాక ఎవరో ఈ మనిషిని పైన వేశారు. చెయ్యి వేరు, రంగు వేరు. కింద వార్నిష్ ఉంది గనక ఆయన తేలిగ్గా వచ్చేస్తారు. ఆయన ఉంటే ఈ పటాన్ని నిజమైన కొనుగోలుదారు ఎవరూ ముట్టుకోరు. తీసేస్తే మంచి ధర వస్తుంది. ఆవిడ చెప్పిన ధర మాకు ఇంటి కోసం కావలసిన దానికి సరిపోతుంది.

ఆయన కింద ఎవరున్నారు అని అడిగాను.

"ఎవరూ లేరు. బాట."

మా ఇంటివాళ్ళని తుడిపించి అమ్ముకునే స్థితికి మేం రాలేదని ఇంగ్లీషులో చెప్పాను. నా ఇంగ్లీషు అలాంటి మాటలకి బాగానే పనికొస్తుంది. ఆవిడ నొచ్చుకోలేదు. మళ్ళీ జాగ్రత్తగా చుట్టడానికి కొంతసేపు పడుతుంది, ఎదురుగా పార్కు ఉంది, కాసేపు నడిచి రండి అంది.

నేనూ మా అమ్మాయీ ఆ పార్కులో నడిచాం. ఎండ కాసిన రోజు గనక ఊరంతా అక్కడే ఉంది. గడ్డి మీద పడుకున్నవాళ్ళు, పిల్లల బళ్ళు తోసేవాళ్ళు, బెంచీ మీద ఫోన్ చూసుకుంటున్న ముసలాయన. మమ్మల్ని ఎవరూ చూడలేదు. చూడవలసిన పని ఎవరికీ లేదు. అమ్మాయి నా పక్కన నడుస్తూ, "డాడీ, యూ ఆర్ వాకింగ్ లైక్ హిమ్," అంది. వెక్కిరింపు కాదు. నాకు అప్పుడే పటంలోని ఆ బూట్లు గుర్తొచ్చాయి.

మా మేడలో మెట్ల పక్కన తాతగారి నిలువెత్తు చిత్రం ఒకటి ఉండేది. నాటకాల కంపెనీలకి తెరలు రాసే ఆయన ఒకరు మా ఊళ్ళో ఉండేవారు. అది ఆయన వేసింది. రాజదర్బారులు, ఉద్యానవనాలు, స్వర్గలోకాలు రాసే చెయ్యి. తాతగారి చిత్రంలో రెండు బూట్లూ ఒకే పక్కకి తిరిగి ఉంటాయి, ఎడమ కాలికీ కుడి కాలికీ తేడా లేకుండా. మా ముత్తాతగారి బూట్లూ అంతే. తలపాగా అంచూ అంతే: ఒక పొడుగు గీత, దాని కింద మూడు పొట్టి గీతలు. రెండు చిత్రాల కిందా ఆడుకుంటూ పెరిగాను. పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు.

జమీందారీలు రద్దయిన రోజుల్లో తాతగారు సావిట్లో కూర్చోవడం మానేశారని, ఏడాది పాటు మేడ దిగలేదని మా అమ్మ చెప్పేది. తెరలు రాసే ఆయన మా ఇంట్లో భోజనం చేసి పనిచేసింది ఆ ఏడాదేనని కూడా చెప్పేది. తాతగారి చిత్రం కోసం వచ్చారనుకున్నాం. ఎస్టేటు పోయాక మా తాతగారు తన తండ్రిని పారిస్ పంపించారు. సర్కారు స్వాధీనం చేసుకోలేని చోటు అదొక్కటే అనుకుని ఉంటారు. ముత్తాతగారు నిజంగా పారిస్ వెళ్ళారో లేదో నాకిప్పుడు తెలియదు. పటం మటుకు వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఏడాది మా నాన్నగారికి పదిహేనేళ్ళు. అదే ఇంట్లో, అదే హాల్లో తిరుగుతున్న పిల్లవాడు. నిచ్చెన వేసుకుని ఒక మనిషి పారిస్ పటం మీద తాతని వేస్తుంటే చూడకుండా ఉండటానికి వీల్లేదు. చూశారు. చూసి, ఆ తరవాత నన్ను దాని ముందు నడిపించారు.

పటం ఇంటికి తెచ్చి అమ్మాయి సాయంతో మళ్ళీ తగిలించాను. నా భార్య మంచం మీద నుంచే అంతా విన్నది. నీలం దీపం దగ్గర ఒకసారి ఆపి మళ్ళీ చెప్పమంది. అయ్యాక చాలాసేపు పటం వంక చూసింది.

"అందుకేనా, ఇన్నేళ్ళయినా ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. పరాయి ఊళ్ళో మొహమాటం పాపం," అంది.

నేను డ్యూటీ బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాను.

"మీకు మనసొప్పకపోతే వద్దు లెండి. నేను కౌన్సిల్ ఇంటికి పెట్టుకుంటాను. నడుము చూపిస్తే ఇస్తారేమో. కాని ఆ ఇళ్ళల్లో గోడలు చిన్నవి. ఆయన్ని ఎక్కడ పెడతారో మీరే చూసుకోవాలి."

కౌన్సిల్ ఇల్లంటే సర్కారు ఇచ్చేది. అడిగి తీసుకునేది. ఆమె ఆ మాట కావాలనే అంది; నాకు ఎక్కడ తగులుతుందో ఆమెకి తెలుసు. నేను లేచి డ్యూటీకి వెళ్ళిపోయాను.

వేసవి అట్లాగే గడిచింది. నేను ఏమీ నిర్ణయించలేదు. గేటు దగ్గర నిలబడేవాణ్ణి, ఇంటికి వచ్చి పటం ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఎరుపు వెనక ముఖం ఎలా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించేవాణ్ణి. మా ముత్తాతగారి ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ ముఖం తప్ప ఆయనకి ముఖం లేదు.

సెప్టెంబరులో ఇంటి యజమాని ఫోన్ చేసి, మీరు కొనలేకపోతే తరవాత ఆలస్యం కాకూడదు, కొందరు వచ్చి ఒకసారి చూసిపోతారు, ఏమీ అనుకోవద్దు అన్నాడు. నేను డ్యూటీలో ఉన్న శనివారం మధ్యాహ్నం వచ్చారు. అమ్మాయి ఆ వారం ఇంటికి వచ్చి ఉంది గనక జరిగింది నాకు తెలిసింది. నా భార్య చెప్పి ఉండేది కాదు.

మూడు కుటుంబాలు వచ్చాయట, పిల్లలతో. పైకి వెళ్ళారు, కిందికి వచ్చారు, కిటికీలు తెరిచి పెరట్లోకి చూశారు, ప్రెస్‌లు తీసి చూశారు. ఎవరూ తొందరపడలేదు. నా భార్య మంచం మీద ఉంటే బాగుండదని లేచి, రేడియేటర్ పట్టుకుని, పటం కింద నిలబడి ఉందట. వచ్చినవాళ్ళు ఆమెకి ఇటు నుంచీ అటు నుంచీ నడిచారు. ఒకాయన టేపు తీసి గోడ కొలుస్తానంటే పక్కకి జరిగిందట. ఆయనే పటం వంక చూసి, ఈ తలపాగా ఆయన ఎవరు అని అడిగాడు.

ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు అడగాలని నేను ఎదురుచూసిన ప్రశ్న అది.

నా భార్య చెప్పిందట. మా వారి ముత్తాతగారు, జమీందారు, లండన్‌లో దావా గెలిచి వస్తూ పారిస్‌లో దిగారు, చిత్రకారుడు నిలబడమంటే నిలబడలేదు, నడుస్తూనే ఉన్నారు అని. ఒక్క ముక్క వదలకుండా, నాన్నగారు చెప్పినట్టే. నీలం దీపం సంగతి అంతా తెలిసి కూడా. చెబుతున్నంతసేపూ నిటారుగా నిలబడి ఉందని, వాళ్ళు వెళ్ళాక బాత్రూం దాకా కూడా పోలేక కింద కూలబడిందని అమ్మాయి చెప్పింది. ఈసారి తెలుగులో చెప్పింది, తప్పుల తెలుగులో, మధ్యలో ఆగి మాట వెతుక్కుంటూ.

నేను లోపలికి వెళ్ళేసరికి నా భార్య కళ్ళు మూసుకుని ఉంది. మందు వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నానంది. ఎందుకు చెప్పావు వాళ్ళకి అన్నాను.

"అడిగారు గనక," అంది. కళ్ళు తెరవలేదు. "ఆయన మనింట్లో ఉన్నంతకాలం పరువు కాయాలిగా."

సోమవారం డబ్లిన్‌కి ఫోన్ చేశాను. వేలంవాళ్ళు వ్యాను పంపి పటం తీసుకెళ్ళారు.

పటం బాగుచేసే ఆవిడ, కావాలంటే వచ్చి చూడవచ్చు అంది. రైల్లో వెళ్ళాను. అమ్మాయి స్టేషనుకి వచ్చి నాతో పాటు ఆ గదికి వచ్చింది. కుర్చీ ఇచ్చారు. నిలబడతానన్నాను. ఆవిడ పుల్లకి దూది చుట్టి, ఏదో ద్రావకంలో ముంచి, నుదుటి దగ్గర మొదలుపెట్టింది. రుద్దడం కాదు, దూదిని మెల్లగా దొర్లించడం. ముందు కుంకుమ వచ్చింది. పైపొరల్లో ఉన్నవి నా భార్య పెట్టిన బొట్లు, వాటి కింద మా అమ్మవి, అడుగున నాయనమ్మవి. దూది ఎర్రబడినప్పుడల్లా పక్కన పడేసి కొత్తది తీసుకునేది. ఎరుపంతా పోయాక కొంతసేపు ముఖం కనిపించింది. నేను ముందుకి వంగి చూశాను. నాటకాల తెర మీద సింహాసనం పక్కన నిలబెట్టే మంత్రి ముఖం. ఎవరిదీ కాదు. అమ్మాయి ఫోన్ తీసి, ఫొటో తీయనా అని అడిగింది. వద్దన్నాను.

తలపాగా, కోటు, చేతులు, బూట్లు ఆఖరున. మధ్యాహ్నానికి ఆ మలుపులో నారింజ రంగు బాట, దాని మీద ఆకుల సందుల్లోంచి పడిన నాలుగు వెలుగు చుక్కలు, ఒక గొడుగు మనిషి నీడ చివర ఉన్నాయి. అంతవరకు ఆ నీడ సగంలో తెగి ఉండేదని మాకు తెలియదు. చిత్రం బాగుంది. ఆ మాట ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది. అన్నేళ్ళుగా ఆయన అక్కడ దారికి అడ్డంగా ఉన్నాడు.

ఆ దూది ముక్కలు ఇస్తారా అని అడిగాను. ద్రావకం అంటుకుంటుంది, నిప్పు ప్రమాదం, బయటికి ఇవ్వకూడదు అంది ఆవిడ, చాలా మర్యాదగా. మూతున్న ఇనుప డబ్బాలో వేసింది. రెండోసారి అడగలేదు.

ఆ తరవాత కొద్ది రోజులకి దసరా వచ్చింది. నా భార్య భరిణె అడగలేదు, నేను ప్రెస్ తెరవలేదు. ఆ సాయంత్రం ఆమెని నడిపించమని డాక్టరు చెప్పాడు గనక నది పక్క బాట మీద కొంతదూరం నడిపించాను. నా చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క అడుగూ వేస్తూ, ఆమె వంగి నడిచింది. ఆమె ఎత్తుకి చెయ్యి అందాలంటే నేనూ వంగాలి. వంగాను. ఎవరో కుక్కని తిప్పుతున్నవాళ్ళు గుడ్ ఈవెనింగ్ చెప్పి వెళ్ళిపోయారు. నడుము ఇక ఇంతకంటే బాగుపడదని డాక్టరు ఆమెకి ముందే చెప్పాడట. నాకు ఆ నది పక్కనే చెప్పింది.

పటం డబ్బు చేతికి వచ్చాక, క్రిస్మస్‌కి ముందు ఇల్లు మా పేరున మారింది. రేడియేటర్ పైన గోడకి ఏమీ తగిలించలేదు.

పటం అంతకుముందే, నవంబరు మొదట్లో, వేలంలో అమ్ముడుపోయింది. కొన్నది దక్షిణాన ఎక్కడో ఒక హోటలువాళ్ళు. వాళ్ళు ఫ్రేము వద్దన్నారు. మా అడవి టేకు ఫ్రేమును విడిగా అమ్మారు. అద్దం బిగించుకోవడానికి ఎవరో కొనుక్కుపోయారు.